అందుకోని ఏడుపు

1879 ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, బరంపురం మిషను శ్మశానంలో మూడేళ్ళ కొడుకుని పాతిపెడుతుంటే జగ్గమ్మగారిని నోరు తెరవనివ్వలేదు.

కన్నీళ్ళకి ఎవరూ అడ్డు చెప్పలేదు. గొంతు ఎత్తకూడదన్నారు, అంతే. పరలోకం మీద నమ్మకం ఉన్నవాళ్ళు అన్యుల్లా శోకాలు పెట్టరని మిషను పెద్ద దొరగారు ఆ ఉదయమే ఆమె భర్తతో చెప్పారు. భర్త మాట ఇచ్చేశాడు. ఆయన పేరు నీలకంఠం. దేవాంగుల కుటుంబంలో పుట్టి, మతం పుచ్చుకుని, ఊరూరా తిరిగి బోధించే మిషనరీ అయ్యాడు. ఆమె మిషనరీ భార్య. కొత్తగా చేరినవాళ్ళందరూ ఆమెను చూసి నేర్చుకోవాలట.

ఆమె పుట్టింది ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డున, ఆర్యపల్లిలో. ఆ ఊళ్ళో చావు ఏడుపుకి ఒక పద్ధతి ఉంది. ఒకరు ఎత్తాలి, ఇంకొకరు అందుకోవాలి. పసివాడు పోతే అమ్మమ్మ ఎత్తుతుంది, తల్లి అందుకుంటుంది. ఎత్తిన మనిషి మూడుసార్లు ఆగి చూస్తుంది. మూడోసారికి కూడా తల్లి అందుకోకపోతే, ఆ పోయినవాడు నావాడు కాదని పదిమందిలో చెప్పినట్టే.

మనవడికి జ్వరమని చేపలమ్మేవాళ్ళ ద్వారా కబురు తెలిసి, జగ్గమ్మగారి తల్లి ఎర్రమ్మ తెల్లారకముందే బయలుదేరింది. పదహారు మైళ్ళు నడిచింది. వచ్చేసరికి గొయ్యి పూడుస్తున్నారు. లోపలికి రానివ్వకపోతే కంచె అవతలే నిలబడి ఎత్తింది. పిల్లవాడికి మిషను వాళ్ళు పెట్టిన పేరు దావీదు. అమ్మమ్మకి వాడు కాసులు.

"కాసులూ, నా కాసులూ, అలలు పెద్దగున్నాయి గదరా, ఏ తెప్ప మీదెక్కేవురా నాయినా..."

అని ఆగింది. జగ్గమ్మగారి పెదవులు విడిపోయాయి. నీలకంఠంగారు ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఎర్రమ్మ రెండోసారి ఎత్తింది, ఆగింది. మూడోసారి ఎత్తింది, ఆగింది. మట్టి పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"నా కూతురికి గొంతు నేదు" అంది ఎర్రమ్మ. మనవడికని తెచ్చిన ఎండు నెత్తళ్ళ చేపల మూట కంచెకి తగిలించి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ మూట సాయంత్రం దాకా అక్కడే వేలాడిందని చూసినవాళ్ళు చెప్పారు.

జగ్గమ్మగారు పోయిన నెలలో దిగపహండిలో చనిపోయారు. మిషను మాసపత్రికలో మూడు పంక్తులు వేశారు. "పాస్టరు నీలకంఠం గారి భార్య ప్రభువునందు నిద్రించిరి" అని. పేరు లేదు. పదిహేనేళ్ళకి పైగా అదే పత్రికలో కథలు రాసిన మనిషికి అదే పత్రికలో పేరు దొరకలేదు. ఆ మూడు పంక్తులు చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఆమె మిషనుకి ఎలా చేరిందో చెప్పాలి. అరవై ఆరు కరువునాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. తండ్రి అంతకుముందే సముద్రంలో పోయాడు. ఇద్దరు పిల్లల్ని పోషించలేక, ఎర్రమ్మ కొడుకు పోతయ్యని చంకనేసుకుని, కూతుర్ని నడిపించుకుంటూ బరంపురం వచ్చింది. అనాథ పిల్లలకి గంజి పోసే మిషను ఇంటి గుమ్మంలో కూతుర్ని నిలబెట్టి, "లోపలికెల్లు, కడుపునిండా తిను" అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తిరిగి చూడకపోవడం గురించి జగ్గమ్మగారు నాతో రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ తల్లినే వెనకేసుకొచ్చారు. "సూస్తే ఒదిలెల్లగలదా బాబూ" అన్నారు.

ఆ కరువులో మా తాత కొట్టు వెనక గదిలో బియ్యం బస్తాలు కప్పుదాకా ఉండేవని మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. బరంపురం పెద్దబజారులో మా కొట్టు ఎక్కడుందో జగ్గమ్మగారికి తెలుసు. నేను ఎవరి మనవణ్ణో కూడా తెలుసు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

మిషనులో చదువు చెప్పారు. కుట్టుపనీ, కీర్తనలూ, లెక్కలూ నేర్పారు. పదిహేడో ఏట నీలకంఠంగారికిచ్చి పెళ్ళి చేశారు. ఎర్రమ్మ కోపగించలేదు. కూతురు బతికుంది, అన్నం తింటోంది, అది చాలనుకుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ఎండుచేపల గంపతో బరంపురం వచ్చి, వీధిలో ఒడియావాళ్ళకి "సుఖువా, సుఖువా" అని అరిచి అమ్ముకుని, చివరికి కూతురి గుమ్మంలో గంప దించేది. పిల్లవాణ్ణి పాతిపెట్టిన రోజుతో అది ఆగిపోయింది. ఆర్యపల్లి ఆడవాళ్ళెవరూ మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. బజార్లో ఎదురుపడితే గంప రెండో భుజానికి మార్చుకుని పక్కకి తిరిగేవారు.

అప్పట్నుంచి ఆమె రాయడం మొదలుపెట్టింది. ముందు పలక మీద రాసుకునేది. నచ్చనిది చెరిపేది. చెరపగా మిగిలినదాన్ని కాగితానికి ఎక్కించేది. అందుకే ఆమె కథలు పలకంత పలకంత ముక్కలుగా ఉంటాయి. గంజి వరసలో తమ్ముణ్ణి రెండుసార్లు నిలబెట్టిన పిల్ల కథ, వల అల్లడం మరిచిపోయిన ముసలివాడి కథ, ఇలాంటివి. చివర ఒక నీతివాక్యం ఉండేది. అది ఆమె రాసింది కాదని చదవగానే తెలిసిపోతుంది. దొరసానిగారు కలిపేవారు. కథ కింద "ఒక క్రైస్తవ స్త్రీ" అని వేసేవారు.

నేను ఆమెను చూసింది తొంభై ఆరులో. అప్పటికి నాకు ఇరవై ఒకటి. మూడో క్లాసుతో నన్ను బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టారు. పొట్లాలు కట్టే కాగితాలు చదివీ చదివీ, కొట్టు మీద విసుగెత్తి, ఇంట్లో దెబ్బలాడి, రామచంద్రరావుగారి అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే పనికి కుదిరాను. మిషను పత్రిక అచ్చయ్యేది అక్కడే. ఆమె కథలు కూర్చేవాణ్ణి నేనే. ఒకసారి నీతివాక్యాన్ని కావాలనే వదిలేశాను. మర్నాడు తెల్లచీర కట్టుకున్న ఒకావిడ అచ్చుకూటానికి వచ్చింది. నల్లటి మనిషి, పొడుగు, చెవులకీ మెడకీ ఏమీ లేవు.

"ఆఖరి ముక్క పడిపోయింది. సూసేవా బాబూ?"

"చూశానమ్మా. అది లేకపోతేనే బాగుందని తీసేశాను."

"నాకూ అదే అనిపించింది. అయితే దొరసానమ్మగారికి సెప్పుకోవలసింది నాను. నువ్వు కాదు. మళ్ళీ పెట్టీ" అంది.

అలా పరిచయం. ఆర్నెల్లయ్యాక, ఒక చేతిరాత పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చింది. పదిహేడేళ్ళుగా రాసుకున్న శోకం అది. ఆ రోజు అందుకోనిదంతా ముక్కముక్కగా రాసిపెట్టుకుంది. చిన్న అచ్చులో నాలుగు ఆకులకి వస్తుంది.

"దీన్ని అచ్చేసి పెట్టు బాబూ. పేరొద్దు. ఆర్యపల్లిలో సదువొచ్చినోళ్ళెవరన్నా మా అమ్మకి సదివి ఇనిపిస్తారు. ముసిల్దయిపోయింది. నా మొకం సూడదు. కాగితం మీద కోపం ఉండదు గదా."

ఆమెకి కావలసింది అంతే. కొడుకుని తను కాదనలేదని తల్లికి తెలియాలి, తల్లి పోకముందు తెలియాలి.

నేను ఆ నాలుగు ఆకులు కూర్చాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ వెళ్ళాక కూర్చేవాణ్ణి. ఆ శోకం నేనిక్కడ ఒక్క ముక్క కూడా రాయను. ఎందుకో చివర చెప్తాను. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆపుకోలేక ముందొక ఆకు నా సొంతంగా కలిపాను. మిషను వాళ్ళని, దొరగారిని, నీలకంఠంగారిని పేరుపేరునా కడిగేశాను. చాలా బాగా రాశాననుకున్నాను. యాభై ప్రతులు వేశాను.

ఆమె అచ్చుకూటంలో నిలబడే ఆ ఆకు మొత్తం చదివింది. చదివి, నెమ్మదిగా చింపి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది.

"ఇది నీ ఏడుపు బాబూ. నా దాన్తో కలపకు."

మిగతా ప్రతుల్లోంచి కూడా ఆ ఆకు తీసేస్తానని మాటిచ్చాను. తీశాను. ఒక్క ప్రతిలో ఉంచాను. దాన్ని ఊళ్ళో అందరూ వచ్చి పత్రికలు చదువుకునే గదిలో బల్ల మీద పెట్టి వచ్చాను. మరిచిపోయి కాదు. ఎవరో ఒకరు చదవాలనే పెట్టాను.

ఆ ఆదివారం నేనే ఆర్యపల్లి వెళ్ళాను. ఇసకలో చేపలు ఎండబెట్టారు. ఒక గుడిసె ముందు ముసలామె కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. కళ్ళు సరిగా ఆనడం లేదు. పక్కన కోడలు మంగమ్మ వల బాగు చేస్తోంది. పోతయ్య తుఫానులో పోయి అప్పటికి నాలుగేళ్ళు.

"ఎవురు బాబూ నువ్వు?" అంది ఎర్రమ్మ.

బరంపురం నుంచి వచ్చానన్నాను. ఇంటిపేరు చెప్పాను.

"కోమటోరి బాబా? సేపల కోసమేటి? మీ అమ్మకి తెలిస్తే నిన్ను గుమ్మం ఎక్కనీదు."

మంగమ్మ నవ్వింది. నేను ఎందుకొచ్చానో చెప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎర్రమ్మ వద్దనలేదు. కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నాలుగు ఆకులూ చదివాను. బాగానే చదివాననుకున్నాను.

అయిపోయాక ఆమె కర్ర ఎత్తి ఒక కాకిని తోలింది. తర్వాత, "బాగా రాసింది. సిన్నప్పుడే మాటకారి" అంది. "అయితే బాబూ, ఎత్తడం నా పని. అందుకోడం దాని పని. మధ్యని నీకేటి పని?"

"ఆవిణ్ణి ఆ రోజు..."

"తెలుసును. గుడ్డిదాన్ని ఇప్పుడు గాని అప్పుడు కాదు. మోసెయ్యి అట్టుకోడం సూసేను. ఇదిలించుకుంటాదేమో అని మూడుసార్లు ఆగేను."

మంగమ్మ వల మీంచి తలెత్తకుండా అంది. "అత్త ఆ రోజు నుంచి మరెవురికీ ఎత్తలేదు బాబు. ఈ తీరాన ఇంత గొంతు ఎవురికీ లేదనేవోరు. నా మొగుడు పోతే, కన్నకొడుకు, ఆడికీ ఎత్తలేదు. పక్కూరోళ్ళొచ్చి ఎత్తేరు."

"ఎలా ఎత్తుతానే? మధ్యలో ఆగిపోయింది గదా. ఒకటి మధ్యనుండగా ఇంకోటి ఎత్తకూడదు" అంది ఎర్రమ్మ. "ఇక్కడే ఉండిపోయింది." గొంతు కింద చెయ్యి పెట్టుకుంది.

నేను తిరిగి వచ్చి జగ్గమ్మగారికి చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చెప్పాను, పోతయ్య సంగతితో సహా. తమ్ముడు పోయాడని ఆమెకు తెలుసు గాని, తల్లి అతని కోసం ఎత్తలేదని తెలియదు. పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమీ రాయలేదు.

ఆలోగా చదువుకునే గదిలో పెట్టిన ప్రతి దొరగారి బల్ల మీదికి చేరింది. నీలకంఠంగారిని పిలిపించారు. ఇది మీ భార్య రాసిందా అని అడిగారు. పేరు లేదు కాబట్టి కాదంటే సరిపోయేది. ఆయన అవునన్నారు. అయితే వచ్చే సంచికలో ఆమె తప్పు ఒప్పుకుని రాయాలనీ, అన్యుల శోకాల జోలికి ఇక వెళ్ళనని సంఘం ముందు చెప్పాలనీ, లేకపోతే బరంపురంలో ఆయనకి ఇక పని ఉండదనీ దొరగారు చెప్పారు. ఆదివారం దాకా గడువు.

ఆ శనివారం ఉదయం నేను వాళ్ళింటికి వెళ్ళాను. క్షమాపణ చెప్పుకుందామనే వెళ్ళాను గాని, గుమ్మంలో నీలకంఠంగారు కనపడేసరికి మళ్ళీ కోపం వచ్చింది. వీధిలో ఒక ఎద్దుబండి ఆగి ఉంది.

"ఊరు విడిచి వెళ్తున్నారా పాస్టరుగారూ?" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను.

ఆయన పొట్టి మనిషి. గడ్డం నెరిసింది. నా మాటకి కోపగించలేదు. "నువ్వు రాసిన ఆకు చదివాను నాయనా. మోచెయ్యి పట్టుకున్నానని రాశావు. నిజమే. గట్టిగా పట్టుకున్నాను. ఇవాళ బండి కుదిర్చింది కూడా నేనే. అది కూడా ఎక్కడన్నా రాయి" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, "జగ్గూ, ఎండెక్కిపోతోంది. బయలుదేరు" అన్నారు.

ఆమె బయటికొచ్చింది. "రేపు సంఘం ముందు ఏటని సెప్తారు మీరు?" అని అడిగింది ఆయన్ని.

"తల్లి దగ్గరికి వెళ్ళిందని చెప్తాను. అందులో అబద్ధం లేదుగా."

"మిమ్మల్ని పంపించెస్తారు."

"పంపించనీ. ఎక్కడికి పంపినా నడవడమే కదా నా పని."

ఆమె బండెక్కింది. నన్ను కూడా రమ్మంది.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఎర్రమ్మ అక్కడే, అలాగే, కర్రతో కూర్చుని ఉంది. జగ్గమ్మగారు వెళ్ళి ఇసకలో ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"ఎవురది?"

"నానే అమ్మా. జగ్గిని."

ఎర్రమ్మ చేతిలో కర్ర ముందుకి చాపింది. "కాకులు తోలు. నాకు ఆనడం లేదు."

కూతురు కర్ర అందుకుని కాకుల్ని తోలింది. పత్రికకి పదిహేనేళ్ళకి పైగా కథలు రాసిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచీర ఇసకలో పరుచుకుని కాకుల్ని తోలుతుంటే, ఒడ్డున ఆడవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

అప్పుడు ఎర్రమ్మ ఎత్తింది. మొదటి నుంచి కాదు. ఆ రోజు కంచె దగ్గర ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే ఎత్తింది. ముసలి గొంతు బీటలు వారింది గాని దారి తప్పలేదు. ఆగింది.

జగ్గమ్మగారు నోరు తెరిచారు. వచ్చింది కీర్తన గొంతు. ముప్పై ఏళ్ళు మిషనులో నేర్పిన సన్నటి గొంతు. ఆమెకే తెలిసింది. మానేసింది. ఆడవాళ్ళలో ఎవరో దగ్గారు.

ఎర్రమ్మ రెండోసారి ఎత్తి ఆగింది. ఈసారి కూతురికి ఏ గొంతూ రాలేదు. మెడ నరాలు మాత్రం కదిలాయి. రాసుకున్న నాలుగు ఆకుల్లో ఒక్క మాట కూడా ఆమెకు సాయం రాలేదు. నా సంచిలో ఆ కాగితాలున్నాయి. తీసి ఇద్దామని చెయ్యి పెట్టాను. మంగమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

మూడోసారి ఎత్తేముందు ఎర్రమ్మ తడుముకుంటూ చెయ్యి చాపి కూతురి మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా అదే చోట. ఎత్తింది. ఆగింది.

జగ్గమ్మగారు అందుకున్నారు.

అది చదివే గొంతు కాదు, పాడే గొంతు కాదు. నేను అచ్చేసిన మాటలు ఒక్కటి కూడా అందులో లేవు. కాసులూ అని పిలిచింది, పోతయ్యా అని పిలిచింది, నాన్నా అని పిలిచింది. మంగమ్మ వల వదిలేసి వచ్చి చేరింది. తర్వాత మిగతావాళ్ళు చేరారు. ఆ మధ్యాహ్నం ఆర్యపల్లి ఒడ్డున ఎండుచేపల్ని కాకులు ఎత్తుకుపోయాయి. ఎవరూ తోలలేదు.

అయిపోయాక ఎత్తిన మనిషే అందుకున్న మనిషికి అన్నం పెట్టాలట. అక్కడితో ఆ చావు తీరినట్టు. ఎర్రమ్మ తడుముకుంటూ లేచి, లోపలికి వెళ్ళి, చద్దన్నంలో నెత్తళ్ళ పులుసు పోసి తెచ్చింది. "తిను" అంది. జగ్గమ్మగారు అంతా తిన్నారు. బండివాడు తొందరపెడుతున్నా ఒక్క మెతుకు వదల్లేదు.

ఎర్రమ్మ ఆ శీతాకాలం దాకా బతికింది. పోతయ్య కోసం కూడా ఎత్తిందని మంగమ్మ చెప్పింది.

నీలకంఠంగారిని దిగపహండి పంపించారు. పత్రికలో ఆమె కథలు ఆపేశారు. అచ్చుకూటంలో నా పని కూడా పోయింది. దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. అయితే ఆ ఒక్క ప్రతి బల్ల మీద పెట్టింది నేనని ఆమెకు చెప్పడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

అది చెప్పడానికే కిందటేడు దిగపహండి వెళ్ళాను. సంత రోజు. ఆమె గుడిసె పంచలో నలుగురు ఆడపిల్లలకి పలకల మీద అక్షరాలు దిద్దిస్తోంది. బాగా చిక్కిపోయింది. నేను చెప్పిందంతా విని, "తెలుసును" అంది. "దొరగారు పిలిపించిన ఆ రాత్రే ఆయనా నానూ అనుకున్నాం, ఆ కోమటోల కుర్రాడే అయ్యుంటాడని. నువ్వు పెట్టకపోతే నాను ఎల్లేదాన్ని కాదేమో. రేపెల్దాం, మాపెల్దాం అనుకుంటూ ఉండిపోయేదాన్ని. అలాగని మంచి పని సేసేవనుకోకు."

ఆ నలభై తొమ్మిది ప్రతులూ నా దగ్గరే ఉన్నాయని, ఈసారి పేరుతో సహా వేయిస్తానని అన్నాను. మీ పేరు ఎవరికీ తెలియకుండా పోకూడదు అన్నాను. ఆమె ఒక పిల్ల పలక తుడిచి తిరిగి ఇచ్చింది. లేచి నాతో వీధి చివరిదాకా వచ్చింది. అక్కడ నిలబడి అంది.

"నాను పోయేక ఆ కాగితాలు ఎవురికీ సదవకు బాబూ. అప్పుడు రావాలనిపిస్తే రా. ఎవురన్నా ఎత్తితే, పక్కన నిలబడి ఇను. ఎవురూ ఎత్తకపోతే, ఇంటికెల్లి అన్నం తిను."